గుమ్మెట మీద ఆ దెబ్బ ఎవరిది

బుర్రకథకు ముగ్గురు కావాలి. ఇద్దరితో కాదు, ఒక్కడితో అసలే కాదు. నడుమ కథకుడు తంబుర భుజాన వేసుకుని, వేళ్లకు అందెలు తొడుక్కుని, ముందుకూ వెనక్కూ అడుగులేస్తూ చెబుతాడు. చెరో పక్క గుమ్మెటలు, అంటే ఒక నోటికి తోలు బిగించి వెనక నోరు వదిలేసిన కుండ వాయిద్యాలు, పట్టుకుని ఇద్దరు వంతలు నిలబడతారు. ఒక వంత లోకం సంగతులు మాట్లాడతాడు, రెండో వంత నవ్విస్తాడు. ముగ్గురూ ఒకే రంగు తలపాగాలు చుట్టుకుంటారు, ముగ్గురికీ చెమట పడుతుంది. కథ ముగిశాక శాలువా మాత్రం ఒక్కటే వస్తుంది. ఆ ఒక్క శాలువా మీద నాకున్న కోపం వయసుతో పాటు పెరిగిందే గాని తరగలేదు. తగ్గించుకోమని పిల్లలు అంటారు. ఎందుకు తగ్గించుకోవాలి?

గోదావరిఖనిలో మేం కథ కట్టింది డెబ్బైల మొదట్లో. అప్పుడు నేను బొగ్గు నింపేవాణ్ణి. తట్టతో మోసి టబ్బులో పొయ్యడం నా పని. అక్షరాలు నాకు బడిలో రాలేదు. మిర్చి బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కలమీద, టాకీసు గోడలమీద, యూనియన్ వాళ్లు సున్నంతో రాసిన రాతలమీద ఒక్కొక్కటి పట్టుకున్నాను. మా అక్క మొగుడు, మా బావ, అదే గనిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. ఆయనకు ఒక్క అక్షరం రాదు. నేర్పుతానంటే "నీకు వచ్చినయి గదా బామ్మర్దీ, ఇంటికి ఒక్కలు సాలు" అనేవాడు. నోరు మాత్రం పెద్దది. కేజీలో, అంటే గనిలోకి దించే ఇనుప బోనులో, దిగుతున్నప్పుడు గూడా ఎవరినో ఒకరిని ఆటపట్టించకపోతే ఆయనకు తిన్నది అరగదు.

మా కథకుడు ల్యాంపు రూములో పనిచేసేవాడు. దిగేవాళ్లకు దీపాలిచ్చి, పైకి వచ్చినవాళ్ల దగ్గర తీసుకునే పని. ఎనిమిదో తరగతి దాకా చదివాడు. మాకంటే పెద్దవాడు గనుక అన్న అనేవాళ్లం. లోకం సంగతుల వంత నేను, నవ్వించే వంత బావ. ఆయన గొంతు గురించి నేను అబద్ధం చెప్పను. మైకు లేకున్నా నాలుగు లైన్ల కంపెనీ కోటర్ల అవతలికి వినిపించే గొంతు. ఏడిపించాలనుకుంటే ఏడిపించేవాడు. కోపం వేరు, నిజం వేరు.

మా గనిలో నాలాగే బొగ్గు నింపే ఒక ఫిల్లర్ మీద పైనుంచి బండ విరిగిపడింది. చిన్నవయసు, ఒక ఆడపిల్ల తండ్రి, అక్కడికక్కడే పోయాడు. ఆయన మీద కథ కడదామని అన్న అన్నాడు. పేరూ ఊరూ మార్చి రాసుకొచ్చాడు. సేఫ్టీ వారోత్సవాల్లో గనుల మధ్య కళల పోటీ పెట్టేవాళ్లు, దానికోసం. కోటర్ల వెనక ఖాళీ జాగాలో సాయంత్రాలు కూర్చునేవాళ్లం. మాకు సెకండ్ షిఫ్టు పడిన వారం మాత్రం అన్న ఒక్కడే తంబుర మీటుకుంటూ కూర్చునేవాడట. షిఫ్టు మారి మేం వచ్చేసరికి, పోయినసారి ఎక్కడ ఆపామో కథ అక్కడే ఉండేది. ఒక్క చరణం గూడా ముందుకు జరిగేది కాదు. ఇది నేను ఎద్దేవాకు చెప్పడం లేదు. జరిగింది చెబుతున్నాను.

మొదటి రోజు అన్న కాగితం చూసి చదివాడు. "తెల్లవారకముందే లేచి, కన్నబిడ్డను ముద్దాడి, డ్యూటీకి బయలుదేరినాడు."

మా బావ గుమ్మెట కింద పెట్టేశాడు. "ఏందే అన్నా! ఫస్టు షిఫ్టుకు పొయ్యేటోడు పండుకున్న పోరిని లేపి ముద్దాడుతడా? అది లేసి ఏడిస్తె పెండ్లాం ఊకుంటదా? సద్ది గిన్నె మొగానికేసి కొడుతది."

"కథల గట్లనే ఉంటది తమ్మీ."

"నీ కథల ఉంటదేమో. మా కోటర్ల ఉండది."

"మరి ఏం జేస్తడో నువ్వే జెప్పు."

బావ లేచి నిలబడ్డాడు. నవ్వించడానికే లేచాడు. చెప్పులు చేత్తో పట్టుకున్నట్టు నటిస్తూ, మునివేళ్లమీద, నన్ను పడుకున్న పిల్లనుకుని నా కాళ్లమీదుగా దాటాడు. "ఉన్నది ఒక్కటే అర్ర. పోరి నడుమల పండుకుంటది. దాటాలె. దాటినంక మల్ల ఎనుకకు దాటాలె. లేకుంటె పోరి పెరుగదంటరు గదా, మా అత్త సంపుతది. గీ దాటుడు, మల్ల దాటుడు, గింతల సైరన్ కూస్తది. ఒక కాలు గీడ, ఒక కాలు గాడ!" అని గాలిలో కాలు పెట్టి ఊగాడు. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం.

అన్న నవ్వలేదు. మోగుతున్న తంబుర తీగను వేలితో ఆపాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "సైరన్ కూసింది. మల్ల దాటలేదు. వచ్చినంక దాటుత బిడ్డా అనుకుంట పోయిండు."

మా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

అదీ ఆ కథకు గుండెకాయ. ఆ తర్వాత ఎక్కడ చెప్పినా ఆ చోట ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్లు. నవ్వులాటగా తెచ్చింది మా బావ. దాన్ని ఏడుపుగా తిప్పింది అన్న. ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఆ ముక్క పుట్టేది కాదు. పాలూ నీళ్లూ కలిసిపోయాయి, ఎవరివెన్ని అని అడగొద్దు అనేవాళ్లున్నారు. మేం ముగ్గురమే ఉన్నాం, ముగ్గురికీ జ్ఞాపకం ఉంది. కలిసిపోయింది ఎక్కడ?

ఇక బండ పడే ఘట్టం. అన్న దాన్ని పెద్ద చరణంగా రాశాడు. భూమి అదిరిందని, ఆకాశం విరిగిందని, తంబుర గట్టిగా వాయిస్తూ పాడేవాడు. నాకది నచ్చలేదు. "అన్నా, ఈడ తంబుర ఆపు. లోపట ఎవ్వడు పాట పాడడు. చెవులు పెట్టి ఇంటడు" అన్నాను. రూఫు గట్టిగా ఉందో లేదో చూడటానికి టింబర్‌మన్ కర్రతో తట్టి చూస్తాడు. గట్టిదైతే ఖంగుమంటుంది. వదులైతే డొల్లగా, చచ్చుగా మోగుతుంది. గనిలో పనిచేసేవాడు పెళ్లాం గొంతు మరిచిపోయినా ఆ చప్పుడు మరిచిపోడు.

నేను తంబుర ఆపమన్నానో లేదో, బావ తన వేలి ఉంగరంతో గుమ్మెట కుండ మీద కొట్టాడు. ఖంగ్. ఇంకోసారి ఖంగ్. తర్వాత వెనక నోరు ఒక అరచేత్తో మూసి, రెండో అరచేత్తో తోలు మీద ఒక్కటి వేశాడు. బొద్ మంది. అచ్చం వదులు రూఫు చప్పుడు. అన్న కళ్లు మెరిశాయి. "మల్ల కొట్టు" అన్నాడు. బావ కొట్టాడు. ఆ రాత చరణాన్ని అన్న అప్పటికప్పుడు కొట్టేశాడు. అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. తన రాత తాను కొట్టేసుకునేవాళ్లు తక్కువ.

సేఫ్టీ వారోత్సవాల నాడు ఆఫీసు ముందరి గ్రౌండు నిండిపోయింది. మొగవాళ్లు ముందర కింద కూర్చున్నారు, ఆడవాళ్లు ఒక పక్క. బావ ఆ రోజు మా అక్కను బలవంతంగా ముందర వరసలో కూర్చోబెట్టాడు. ఎందుకంటే మా అక్క ఎప్పుడూ ఆయన్ని ఎత్తిపొడిచేది. "ఇంకొకలు మాట్లాడితె ఆహా అనేటందుకు గింత సంబురమా? గది మా ఇంట్ల బర్రె గూడ అంటది." "నీ చెవులతో నువ్వే విను, నేనేం జేసిననో మైకుల జెప్తరు" అని తీసుకొచ్చాడు. ఆ రోజు ఆయనకు కావలసింది అదొక్కటే.

కథ సాగింది. దాటే చోట ఏడ్చినవాళ్లు ఏడ్చారు. బండ దగ్గరికొచ్చేసరికి అన్న తంబుర ఆపాడు. అడుగులు ఆపాడు. "లోపలికి నడుస్తున్నాడు తమ్ముడా" అన్నాడు. బావ కొట్టాడు. ఖంగ్. "ఇంకా లోపలికి." ఖంగ్. అన్న ఏమీ అనలేదు. బొద్.

గ్రౌండు మొత్తం లేచింది. మొగవాళ్లు, పెద్ద పెద్ద మీసాల వాళ్లు, తలకాయలు భుజాల్లోకి లాక్కుని, వెనక్కి తోసుకుంటూ జరిగారు. ఎవరో "ఎనుకకు రాండ్రి! ఎనుకకు!" అని అరిచారు. ఇద్దరు పక్కవాడి చెయ్యి పట్టి ఈడ్చారు. పైన ఏముంది? ఖాళీ ఆకాశం. కూలడానికి ఒక్క పెంకు గూడా లేదు. రెండు క్షణాల తర్వాత ఒకరి మొగం ఒకరు చూసుకుని సిగ్గుపడి నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. వెనక కుర్చీల్లో కూర్చున్న ఆఫీసర్లకు మాత్రం జనం ఎందుకు లేచారో అర్థం కాలేదు. పాము వచ్చిందేమోనని ఒకాయన కాళ్లు పైకి పెట్టుకున్నాడు.

బహుమతి మాకే వచ్చింది. మాకు అంటున్నాను, అలవాటు పోలేదు. "ఈ కథను రచించి, రూపొందించి, గానం చేసినవారు" అని మైకులో ఒక్క పేరు చదివారు. శాలువా కప్పారు. అన్న మైకు అందుకున్నాడు. సరస్వతీ తల్లికి, కన్నవాళ్లకు, అధికారులకు, వచ్చిన జనానికి దండాలు పెట్టాడు. కడకు మైకు పెట్టినాయనకు గూడా పేరుపెట్టి దండం పెట్టాడు. ఆయన వెనక చెరో పక్క, చంకలో గుమ్మెటలతో, మేమిద్దరం గోడకు కొట్టిన మేకుల్లా నిలబడే ఉన్నాం. బావ మెడ కొంచెం ముందుకు చాచి ఉన్నాడు, తన మాట వస్తుందని. రాలేదు.

దిగి వచ్చాక మా అక్క ఒక్కటే అన్నది. "మైకాయన ముచ్చట వచ్చింది గని, నీ ముచ్చటేదయ్యా?" బావ గుమ్మెట నా చేతికిచ్చి కోటరు దిక్కు నడిచాడు.

మర్నాడు చౌరస్తా దగ్గర హోటల్లో అన్నను పట్టుకున్నాం.

"గట్లెట్ల జేసినవే అన్నా?" అన్నాడు బావ.

అన్న చాయ్ సాసర్‌లో పోసుకున్నాడు. "తమ్మీ, రాసింది నేను. పక్కపొంటి మీరున్నరు, కాదంటలేను. మేస్త్రి ఇల్లు కడుతడు, తట్టలందించెటోడు తట్టలందిస్తడు. ఇల్లు ఎవలు కట్టిండ్రంటె ఏమంటరు?"

"మేస్త్రిని గూడ అనరన్నా. ఇంటాయన కట్టిండంటరు" అన్నాడు బావ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

హోటలాయన ముసలి సాయెబు, గల్లా దగ్గర నుంచే అందుకున్నాడు. "అరే భాయ్, చాయ్ నాది, పాలు బర్రెయి. బర్రె ఎన్నడన్న వచ్చి పేరడిగిందా?"

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. అన్న గూడా నవ్వాడు. బావ మొగం మాడిపోయింది. ఇంట్లో అక్క నోట బర్రె, ఇక్కడా బర్రే. ఆ సాయెబు మంచివాడు, ఉద్దెర ఎన్నిసార్లు ఇచ్చాడో. అయినా ఆ మాటను నేను క్షమించలేదు. బర్రె "ఫస్టు షిఫ్టుకు పొయ్యేటోడు పోరిని లేపుతడా" అని అడుగుతుందా? పాలు ఇచ్చేసి పక్కకు పోయినవాడైతే బావ మాట వేరు. ఆయన కథను ఆపాడు, మలుపు తిప్పాడు. మలుపు తిప్పినవాడిని పాలిచ్చినవాడిలో కలపడం ఎక్కడి న్యాయం?

అన్న చాయ్ తాగి మెత్తబడ్డాడు. "సరే, వచ్చేసారి మైకుల చెప్పిస్త. సహకారం అని మీ ఇద్దరి పేర్లు" అన్నాడు.

నేను తలూపబోయాను. నిజం చెప్పాలంటే నాకది చాలనిపించింది. బావ ఒప్పుకోలేదు.

"సహకారం ఏందన్నా? నువ్వు మూట మోస్తుంటె నేను చెయ్యేసిననా? పేరు వద్దు. నా పేరున్నోళ్లు గీ ఖనిల మస్తుమంది ఉన్నరు, అందులో ఇద్దరు తాగుబోతులు. నేనేం జేసిననో జెప్పు. దాటుడు ముచ్చట నేను తెచ్చిన. గా దెబ్బ నేను కొట్టిన. గీ రెండు మాటలు జెప్పు, నా పేరు తీసెయ్."

"గట్ల ఒక్కొక్కటి జెప్పుకుంట పోతె కథ ఇరుగుతది తమ్మీ. జనం కథల ఉండాలె. ఎవలు ఏం జేసిండ్రన్న లెక్కల ఉండొద్దు."

"కథ అయిపోయినంక జెప్పు. అప్పుడు ఇరిగేదేమున్నది?"

అన్న లేచి చాయ్ పైసలిచ్చి వెళ్లిపోయాడు. ముగ్గురివీ ఆయనే ఇచ్చాడు. అలాంటి వాటిలో ఏనాడూ చెయ్యి బిగబట్టలేదు.

నేనిక్కడ ఎవరి పేరూ రాయకపోవడానికి కారణం బావ ఆ రోజు చెప్పిన మాటే. పేరు వేయడం చాలా సులువు. చివరలో చిన్నగా ఒక వరసలో వేసి, చూశారా అందరినీ గుర్తుపెట్టుకున్నాం అని చేతులు దులుపుకోవచ్చు. ఏం చేశాడో చెప్పమంటేనే నోరు పెగలదు. చెబితే పెద్దవాడి వాటా ఎంతో కనబడిపోతుంది. కొందరికి అది చిన్నగా కనబడుతుందని భయం. అన్న వాటా చిన్నది కాదు. చెప్పినా చిన్నది అయ్యేది కాదు. ఆ భయమే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కొన్నాళ్లకు శ్రీరాంపూర్ కాలనీ వాళ్లు మా కథ చెప్పమని పిలిచారు. గనిలో పని ముగించుకుని లారీలో పోతున్నాం. అన్న ముందర డ్రైవరు పక్కన, మేమిద్దరం వెనక. బావ నా చెవిలో అన్నాడు.

"ఇయ్యాల్ల స్టేజి మీద్నే అడుగుత బామ్మర్దీ. వంత అడిగితె కథకుడు జవాబు జెప్పాలె. జెప్పకుంట తప్పించుకుంటె జనం ఊకోరు. గది మన కట్టుబాటు గదా?"

"కథ చెడుతది బావా."

"నేను చెడగొడుతనా? సచ్చినోని కథ అది. అంత అయిపోయినంక, మంగళం ముందు అడుగుత. హాస్యంల గలిపి."

శ్రీరాంపూర్‌లో గూడా అదే జరిగింది. అక్కడి మొగవాళ్లు మా మొగవాళ్ల లాగే తలకాయలు లోపలికి లాక్కుని వెనక్కి జరిగారు. బావ ఆ రోజు కొట్టినంత గట్టిగా ఎన్నడూ కొట్టలేదు. కథ ముగిసింది. మంగళం అందుకునే ముందు బావ గుమ్మెట మీద చిటికెన వేలితో చిన్న దరువు వేశాడు.

"అన్నా, ఒక అనుమానమే."

"ఏంది తమ్ముడా?" అన్నాడు అన్న, ఇంకేదో జోకనుకుని.

"పెద్ద పెద్ద మొగోళ్లు కోడిపిల్లల లెక్క ఎనుకకు ఉరికిరి గదా. గా దెబ్బ ఎవలు కనిపెట్టిండ్రే?"

జనం నవ్వారు. తర్వాత అందరి చూపూ అన్న మీదికి తిరిగింది. అన్న నాలుగడుగులు ముందుకు వేశాడు, నాలుగు వెనక్కి వచ్చాడు. తంబుర మోగుతూనే ఉంది. చెబుతాడనుకున్నాను. ఆయన మొగంలో ఒక క్షణం చెప్పబోయినట్టే కనిపించింది గూడా. అన్న చెయ్యి పైకెత్తాడు.

"ఎవరిదంటావా తమ్ముడా ఆ దెబ్బ! అది నాది కాదు, నీది కాదు. బొగ్గు బాయిలో బండ కింద ఊపిరి వదిలిన మన తమ్మునిది! ఆ దెబ్బ కొట్టింది వాడే, కనిపెట్టింది వాడే!"

చప్పట్లు ఆగలేదు. ఈలలు, కేకలు. ఎంత గొప్ప జవాబు చూడండి. ఎవరు కాదనగలరు? చచ్చిపోయినవాడికి ఇచ్చేశాడు. చచ్చిపోయినవాడు వచ్చి నాకొద్దు అనడు, శాలువా కప్పుకోడు. అందరిదీ అనడం, ప్రజలది అనడం, పోయినవాళ్లది అనడం కూడా ఇదే. తనది కాదని చెప్పినట్టే ఉంటుంది, పక్కవాడిదని చెప్పే అవసరమూ తప్పుతుంది. ఎంత వినయమో! ఆ వినయాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ చప్పట్లలో బావ ఒక మాట అన్నాడు. "సచ్చినోడు వచ్చి నీకు జెప్పిండానే అన్నా, నాకు జెప్పిండా?" మైకు అన్న ముందర ఒక్కటే ఉంది. వంతలకు మైకులుండవు. ఆ మాట నాకొక్కడికే వినిపించింది. నేనేం చేయగలను? తాళం నడుస్తోంది, మంగళం ఎత్తుకోవాలి. ఎత్తుకున్నాను. బావ గూడా ఎత్తుకున్నాడు, గొంతు ఎక్కడా తగ్గించకుండా.

అక్కడ గూడా శాలువా ఒక్కటే. "ఇది నాది కాదు, కార్మికులందరిది" అంటూ అన్న దాన్ని భుజాలమీద సర్దుకున్నాడు. లారీలో తిరిగివస్తుంటే చలి. నాది కాదన్న ఆ శాలువా ఆయన ముందర సీట్లో నిండా కప్పుకున్నాడు. మేం వెనక తాటిపత్రి కప్పుకున్నాం.

బావ ఆ తర్వాత కథకు రాలేదు. కోపంతో మానలేదని, టింబర్ పనిలో చేతులు అరిగిపోయాయని అందరికీ చెప్పుకున్నాడు. అన్న ఇంకొకరిని పెట్టుకుని చాలా ఏళ్లు చెప్పాడు. ఆ కొత్తాయన గూడా అదే దెబ్బ కొట్టేవాడు, జనం అలాగే లేచేవాళ్లు. దాన్ని అన్నే కనిపెట్టి నేర్పాడని ఆయన అనుకునేవాడు. పాపం, ఆయన తప్పేముంది?

శ్రీరాంపూర్ నుంచి వచ్చిన మర్నాడు పొద్దున నేను మా అక్క ఇంటికి పోయాను. బావ పీట మీద కూర్చుని ఉన్నాడు. కుడి అరచెయ్యి వాచి, ఎర్రగా, పూరీలా ఉంది. అక్క పసుపు, ఆముదం కలిపి వెచ్చచేసి పట్టు వేస్తోంది.

"ఏమాయె? మైకుల జెప్పిండా?" అని అడిగింది నన్ను.

నేను నసిగాను. బావే చెప్పాడు. "జెప్పిండు. గా దెబ్బ సచ్చినోడు కొట్టిండట."

అక్క చెయ్యి ఆగింది. ఎప్పుడూ ఎత్తిపొడిచే మనిషి, ఆ రోజు ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు.

"సచ్చినోడు కొడితె నీ చెయ్యెందుకు వాచిందయ్యా?"